దుశ్శాలువ

మన పట్టణములందు సభలేని దినము లేదు. శాలువలేని సభ లేదు. గ్రంథాలయ వార్షికోత్సవమైనను, ఉపాధ్యాయుని పదవీ విరమణమైనను, పద్యకావ్యావిష్కరణమైనను, పురపాలక సంఘమునకు నూతనముగా నెన్నికైన సభ్యుని యభినందనమైనను, తుదకు శాలువయే శరణ్యము. వక్త మూడు నిమిషములు మాటలాడును. ఆయనకు శాలువ కప్పుటకైదు నిమిషములు పట్టును. ఛాయాచిత్రకారునకు సరిగా కానరాలేదని కప్పినదానిని తీసి మరల కప్పుదురు. గత మాసమున నట్టి సభ యొక్కదానియందు మేమును వేదికమీద కూర్చుండు భాగ్యమునకు నోచుకొంటిమి. ఆ సాయంకాలము పదునెనిమిది శాలువలు పంచబడినవి. మాకు లభించినదానిని ఇంటికి తెచ్చి దీపము వెలుతురున పరీక్షించితిమి. అందలి జరీ జరీ కాదు. ఉన్ని ఉన్ని కాదు. అంచునుండి యొక పోగు లాగి యగ్గిపుల్లకు చూపితిమి. ఉన్నియైనచో వెండ్రుక కమిరిన వాసన రావలయును. ఇది మైనమువలె కరగి, నల్లని పూసయై వ్రేలికంటుకొనెను. దాని సంచిమీద మాత్రము 'కాశ్మీరు శాలువ' యని బంగారు వన్నె యక్షరములు మెరయుచున్నవి.

ఇచ్చినవారికి దాని సంగతి తెలియును. పుచ్చుకొన్నవారికి తెలియును. అమ్మిన వర్తకునకు మునుపే తెలియును. వారములోపల అదే శాలువ సగము వెలకు మరల అంగడికి చేరి, మరియొక సభలో మరియొక పండితుని భుజములపై వెలయుననియు నందరు నెరుగుదురు. తెలియనివాడొక్కడే. ఎవని పేరు చెప్పి యీ వస్తువు విక్రయింపబడినదో, ఆ నేతగాడు. వాడు సభకు రాలేదు, వానినెవ్వరు పిలువలేదు.

'దుశ్శాలువ' యను మాట వినినప్పుడు బాలురు దుర్జనుడు, దుశ్శకునము మొదలగు మాటలతో దానిని జతగూర్చుకొందురు. నిజమునకది 'దోశాలా' యను పారసీకపు మాట; జంట శాలువ యని యర్థము. అక్బరు పాదుషా శాలువను రెండు పొరలుగా ధరింప నారంభించెననియు, అది చూచుటకు మిక్కిలి యందముగా నుండెననియు అబుల్ ఫజలు ఐనీ అక్బరీలో వ్రాసియున్నాడు. ఆ పాదుషాహీ దోశాలా మన భాషలోనికి వచ్చి దుశ్శాలువయై నాలుగు తరములవారిని నవ్వించినది. నేడు మన వేదికలమీద పంచబడునది చూడగా, బాలురు చెప్పిన వ్యుత్పత్తియే సరియైనదని యొప్పుకొనక తప్పదు.

అసలు శాలువ యననేమో కొంత విశదీకరింతుము. వెలయెరుగనివానికి మోసము తెలియదు గదా.

లదాఖునందలి చాంగ్‌థాంగ్ పీఠభూమి సముద్రమట్టమునకు పదునాలుగువేల యడుగుల కెగువనున్న యెడారి. అచ్చట చాంగ్‌పాలను సంచారజాతి కాపరులు మేకలను మేపుకొని జీవింతురు. అక్కడి చలికి తాళుటకై ప్రకృతి యా మేకల పైవెండ్రుకల క్రింద మృదువైన లోరోమము నిచ్చినది. శీతకాలము గడచి యెండలు ముదిరినకొలది నది తనంత సడలును. కాపరులు దానిని దువ్వెనలతో దువ్వి తీయుదురు. గొర్రెను గొరిగినట్లు గొరుగరు. ఇదియే పష్మీనా. ఒక పోగు మందము 12 మొదలు 15 మైక్రానులు, అనగా మనుష్యుని తలవెండ్రుకలో నైదవ వంతు. ముతక వెండ్రుకలేరి, దుమ్ము విదిల్చి, శుభ్రపరచిన పిదప మేకయొక్కింటికి మిగులునది గుప్పెడు. మేకలనేకము కలిసినగాని శాలువ యొక్కటి కాదు.

ఆ గుప్పెడు శ్రీనగరము చేరి, ఆడువారి చేతికి వచ్చును. వంటయింటి కిటికీ యొద్ద రాట్నము ముందు కూర్చుండి, ఆ రోమమును పొగమంచువంటి నూలుగా వారు వడకుదురు. ఇందులకు కూలి లెక్కకట్టు విధము చిత్రమైనది. పదియంగుళముల పోగులు పది కలిపిన నొక ముడి; చాలకాలము ముడి యొక్కింటికి కూలి రూపాయి. ఒక రూపాయికి నూరంగుళముల నూలు! మన సభలలో నొక సోడా తాగునంతటిలో నెన్ని ముడులు కరగిపోవునో పాఠకులే లెక్కించుకొందురుగాక. ఇంత తక్కువ కూలియైనందున నగరమునందలి యాడుపిల్లలు రాట్నము నటుకమీదికి చేర్చి వేరు పనులు వెదకికొనిరి. వారిది తప్పని మేమనజాలము.

ఇక నేత. కానీ శాలువను నేయుటలో నాడె యీ యంచునుండి యా యంచుకు పరుగెత్తదు. రంగు రంగునకు వేరు వేరు చిన్న కొయ్యపుల్లలు, వందలకొలదిగా పడుగుపై వ్రేలాడుచుండును. ప్రతి పుల్లయు తన రంగు వలయు చోట కొన్ని పోగుల మేర మాత్రము దూరి మరలి వచ్చును. ఆ పుల్లలకే కానీ యని పేరు. చిత్రకారుడు వ్రాసిన రూపమును 'తాలీము' అను సంకేతలిపిలోనికి మార్తురు. ఎన్ని పోగులు, ఏ రంగు, మరల నెన్ని, ఏ రంగు, ఇట్లు పంక్తిపంక్తిగ నాకాగితముమీద నుండును. నేతగాండ్రు దానిని చదువుకొనుచు నేయుదురు. ఎదుట పువ్వుబొమ్మ యుండదు, అక్షరములే యుండును. పఠనాలయములలో కూర్చుండి పత్రికలు చదువు మన మెరుగవలసిన సంగతి యిది. ఈ శాలువ నేయబడుట మాత్రమేకాదు, చదువబడుచున్నది. అట్లు చదివి చదివి దినమునకొక యంగుళము సాగినచో నదృష్టము. మంచి శాలువకు మాసములు చాలవు, సంవత్సరములు పట్టినవియు కలవు.

ఇంత ప్రశంస చేసితిమి గనుక, ఇక ప్రశంసను గూర్చియే మా ఫిర్యాదు. శాలువకు గౌరవము తక్కువై నేతగాడు చెడెనని కొందరు ప్రసంగించుచున్నారు. చరిత్ర యిందులకు విరుద్ధముగా చెప్పుచున్నది. శాలువకు ప్రపంచమునందెన్నడును లేనంత గౌరవము జరిగిన కాలమే నేతగానికి ఘోరాంధకార కాలము. పందొమ్మిదవ శతాబ్ది యారంభమున ఫ్రెంచి సామ్రాజ్ఞి జోసెఫీను కాశ్మీరు శాలువలు ధరించి చిత్రపటములు వ్రాయించుకొనుచుండెను. పారిసునగరమున కులీన స్త్రీలకవి లేనిది గౌరవము లేదు. అదే తరమున, 1822-23 సంవత్సరములలో శ్రీనగరమునందుండిన మూర్‌క్రాఫ్టు అను నాంగ్లేయుడు అచ్చట శాలువపనిలో లక్షా యిరువదివేలమంది యుండిరని యంచనా వేసెను. ప్రతి శాలువమీదను సర్కారు ముద్రవేసి దాని వెలలో నూటికి 26 వంతున పన్ను గుంజుచుండెననియు నాతడే వ్రాసెను. అది సిక్కుల ప్రభుత్వకాలము. 1833 నాటి క్షామమునకు తాళలేక నేతగాండ్రనేకులు అమృతసరమునకును లూధియానాకును వలసపోయిరి.

తరువాత వచ్చినది 1846 మార్చి 16 నాటి అమృతసరపు సంధి. ఈస్టిండియా కంపెనీవారు కాశ్మీరమును 75 లక్షల నానక్‌షాహీ రూపాయలకు గులాబుసింగున కిచ్చివేసిరి. అందుపై ప్రతిసంవత్సరము నొక గుఱ్ఱము, పండ్రెండు శాలువమేకలు, మూడు జతల శాలువలు కప్పముగా చెల్లింపవలయునని వ్రాసికొనిరి. సంధిపత్రమున మేకకు స్థానమున్నది, శాలువకు స్థానమున్నది. ఆ మేకనుండి యా శాలువ యెవని చేతిలో పుట్టినదో వాని ప్రసక్తి లేదు. వాడు భూమితోపాటు పోయిన వస్తువు.

డోగ్రా ప్రభువుల దాగ్‌శాల్ శాఖవారు పన్ను పెంచిరి. నేతగాడు పని మానుటకు వీలులేదు, లోయ విడిచి పోవుటకు వీలులేదు, సరిహద్దులయొద్ద కాపలా. కూలిలో నధికభాగము పన్నుక్రింద పోవ మిగిలినది బియ్యమునకు చాలదు. 1865 ఏప్రిల్ 29వ తేదీన నేతగాండ్రు జాల్‌డగర్ మైదానమున చేరి తమ మొర వినిపింప యత్నించిరి. సైనికులు వారిని తరుమగా, తుపాకులకు తప్పించుకొన్నవారు కాలువలో పడిరి. ఇరువదియెనమండుగురు మరణించిరని కాశ్మీర చరిత్రకారులు చెప్పుదురు. రాబర్టు థార్పు అను యువకుడు వారి దుస్థితిని 'కాశ్మీర దుష్పరిపాలనము' అను గ్రంథమున వెల్లడించెను. కార్మికదినమునకు మూలమైన షికాగో నగర సంఘటన 1886 నాటిది. దానికి ఇరువదియొక సంవత్సరములకు మునుపే మన దేశమునందు కూలికై నెత్తురు చిందినది. మే నెల మొదటి దినమున నూరేగింపులు జరుపు మన మిత్రులు ఏప్రిల్ నెల కడపటి దినములను గూడ స్మరించినచో బాగుండును.

ఆ నెత్తురు చిందిన సంవత్సరమున పారిసునందు శాలువల వెల తగ్గలేదు. వెల తగ్గినది 1870లో, ఫ్రాన్సు ప్రష్యాల నడుమ యుద్ధము పుట్టి బేరము స్తంభించినప్పుడు. పిదప దొరసానుల వేషము మారినది. ఆమీద 1877 మొదలు 1879 వరకు కాశ్మీరమును క్షామము దహించినది. దొరసానికి ఫాషను మారుట, నేతగానికి ప్రాణము పోవుట!

ఇంతలో స్కాట్లండునందలి పెయిస్లీ పట్టణమువారు మన శాలువను యంత్రముమీద ననుకరించి చవుకగా నమ్మజొచ్చిరి. మన సాలెవారు చీరయంచున నేయు మామిడిపిందె నెరుగని తెలుగు స్త్రీ గలదా? కాశ్మీరపు శాలువ చెంగున నున్నదియు నా రూపమునకు తోబుట్టువే. నేడు లోకమంతట దానికి 'పెయిస్లీ' యని పేరు. మన పట్టణములందలి వస్త్రాలయములలో గుమాస్తా సయితము మామిడిపిందె చీర చూపి 'పెయిస్లీ డిజైనండి' యని చెప్పును. కొనునామె తల యూపును. మన తోటలోని పిందెకు స్కాట్లండు పట్టణనామము పెట్టి మనకే యమ్ముచున్నారు! అయినను న్యాయము తప్పి మాటలాడము. యంత్రము పెయిస్లీ నేతగాండ్రకు మాత్రము శాశ్వతమైన యన్నము పెట్టలేదు. 1841-43 సంవత్సరముల మాంద్యమున ఆ పట్టణమే దివాలా తీసి, వేలమంది భిక్షాన్నముమీద బ్రదుకవలసివచ్చినది. అనుకరణముచేత లాభించినది వర్తకుడు. నేతగాండ్రిరువురును, అచ్చటివాడు నిచ్చటివాడును, నష్టపడిరి.

ఇప్పటి సంగతి. విదేశీయుని నిందించుటకు వీలులేని సంగతి గనుక కొందరికిది రుచింపదు. పష్మీనా పోగు మిక్కిలి సుకుమారమగుటచేత యంత్రపు వేగమునకు తెగిపోవును. అందులకై దానియందు నైలాను కలిపి యంత్రముపై వడకి, మరమగ్గముమీద నేసి, తరువాత ఆమ్లముతో నా నైలానును కరగించి వేయుచున్నారు. ఆమ్లము తాకిన పష్మీనా బలమును కోల్పోవును. చూచుటకు శాలువ, పట్టుకొనుటకు శాలువ, నాలుగేండ్లకు పీలికలు. ఇది కల్తీలలో నుత్తమజాతి. అధమజాతిది మా వేదికపై పంచబడినట్టి మైనపు గుడ్డ.

చట్టము లేదా? ఉన్నది. 1985లో పార్లమెంటు చేనేత రిజర్వేషను చట్టము నిర్మించి, కొన్ని వస్త్రములను మరమగ్గములపై నేయరాదని శాసించినది. మిల్లువారును మరమగ్గములవారును న్యాయస్థానములకెక్కిరి. 1993లో సుప్రీముకోర్టు ఆ చట్టమును స్థిరపరచినది. గెలిచిన మూడేండ్లకు, 1996లో, 22 రకములుగా నున్న జాబితాను 11కు కుదించిరి. కోర్టులో నోడినవారు కార్యాలయములో గెలిచిరి. ఆ పదునొకండింటిలో నిర్ణీత లక్షణములుగల శాలువలును నున్నవి. ఉండియు నేమి? ఏ సంతలో, ఏ యంగడిలో, ఏ యధికారి వచ్చి శాలువయంచు తిరుగవేసి చూచెనో మా కంటబడలేదు. 2008లో కాశ్మీరు పష్మీనాకు భౌగోళిక గుర్తింపు లభించినది. పరీక్షించి ముద్రవేయు ఏర్పాటును తరువాత జరిగినది. ముద్రయున్న శాలువ కొనువాడు ముద్ర యడుగవలయును గదా! మనమడుగునది తగ్గింపు.

1905 ఆగస్టు 7వ తేదీన కలకత్తా పురమందిరమున స్వదేశీ వ్రతము ప్రకటింపబడినది. ఆ దినమునే 2015 మొదలు జాతీయ చేనేత దినముగా నుత్సవము చేయుచున్నారు, సంతోషము. 2020లో నాయుత్సవమునకు ముందటి దినములలోనే అఖిలభారత చేనేత మండలిని, కమలాదేవీ చట్టోపాధ్యాయ 1952లో ప్రథమాధ్యక్షురాలై నడపిన హస్తకళల మండలిని, రెంటినిగూడ రద్దుచేసిరి. ఆ మండలులు నిద్రపోవుచుండెనందురా, మేల్కొల్పవలసినది. నిద్రించువానిని పూడ్చిపెట్టుట వైద్యము కాదు. 2019-20 సంవత్సరపు నాలుగవ చేనేత గణన ప్రకారము దేశమునందు 35 లక్షలకు పైబడి చేనేత పనివారున్నారు. ఆ కుటుంబములలో మూడింట రెండుపాళ్ళకు నెలకైదువేల రూపాయల రాబడి లేదు. ఇది యుత్సవపు దండోరాలో వినబడని సంఖ్య.

మాపై నొక యాక్షేపణ వచ్చును. 'యంత్రమును నిషేధింతురా? పేదవానికి చవుక శాలువ వలదా?' యని. పేదవానికి చవుక దుప్పటి కావలయును. మరమగ్గముమీద నేసినదైనను సరే, కప్పుకొని చలి తీర్చుకొనుగాక. మా తగాదా గుడ్డతో గాదు, దాని మీది యబద్ధముతో. మరనేత మరనేతయని చెప్పి యమ్మినచో నేతగాడు దానితో పోటీ పడునో, పడలేక వేరు దారి చూచుకొనునో. తన పేరు దొంగిలించి తన కంటెముందు సంతకు చేరినవానితో నెట్లు పోటీ పడగలడు?

మరియొకరు గంభీరముగా నందురు: 'కులవృత్తి సంకెలను మీరు మరల బిగించుచున్నారు, సాలెవాని కుమారుడు సాలెవాడే కావలయునా?' కానక్కరలేదు. వాడు వైద్యుడగుగాక, న్యాయవాది యగుగాక. బలవంతముగా నేయించిన దాగ్‌శాల్ దినములను మేము పొగడుటలేదు, పైన నిందించితిమి. కాని మగ్గము విడుచుట యిష్టముచేత గావలయును, ఆకలిచేత గాదు.

నేతగాడు వెలను తన చేత పట్టుకొన్న చోట నేమి జరుగునో చూచుటకు కులూలోయకు పోవలయును. అచ్చటి భుట్టి గ్రామమున 1944లో నేతగాండ్రు సహకార సంఘమును స్థాపించిరి. అది చిక్కి శల్యమై, 1956లో ఠాకూరు వేదరాము చేతికి వచ్చిన పిదప మరల పుంజుకొని నేటికిని నడచుచున్నది. ఉన్ని కొనుట, మగ్గములకు నూలు పంచుట, తయారైన శాలువను తన దుకాణముననే యమ్ముట, అంతయు సంఘమే చేయును. నడుమ దళారికి చోటు లేదు. కులూ శాలువకు పారిసు సామ్రాజ్ఞి దొరకలేదు; పాదుషా దొరకలేదు. సంఘము దొరికినది. మన ప్రాంతములందును నేత సహకార సంఘములున్నవి గదా యని పాఠకులందురు. ఉన్నవి, కొన్నింట మగ్గము లేని సభ్యులును నున్నారు. ఆ సంగతి వేరొకవారము వ్రాయుదుము.

ఉన్ని శాలువ ఉత్తరదేశపు సొత్తేగాని మనదికాదనియు ననుకొనవలదు. తెలంగాణమునందలి కురుమలు నల్లని దక్కనీ గొర్రెల యున్నితో నేసి, చింతగింజల గంజిపెట్టిన గొంగడి తరతరములుగా మన కాపరికి నెండలో నీడ, వానలో గొడుగు, రాత్రి పరుపు. ఉన్నిగొర్రె పోయి మాంసపు గొర్రె వచ్చినది, గొంగడి వెనుకబడినది. దానిని భుజముపై వేసి యెవరినైనను సన్మానించిన సభను పాఠకులు చూచియున్నారా?

ఇక వైశాఖమాసమున బెజవాడలో నున్ని శాలువ కప్పుట దేనికో మాకిప్పటికిని బోధపడలేదు. సన్మానితుడు చెమటతో తడిసి, సభాధ్యక్షుని యుపన్యాసము ముగియుటకై నిరీక్షించుచుండును. ద్రవ్యము తక్కువైనచో మంగళగిరి కండువ యొకటి, పొందూరు ఖద్దరు ఉత్తరీయ మొకటి నేతవారి సంఘమునుండి కొని కప్పవచ్చును. పదునెనిమిదిమందికి మైనపు గుడ్డలు పంచుటకు మారుగా నొక్కరికి నిజమైన వస్త్రము కప్పి, తక్కిన పదునేడుగురకు నమస్కరించినచో వారు కోపింతురా? కోపించువారిని సన్మానింపవలసిన యగత్యమేమి? పఠనాలయ కార్యదర్శులు రాబోవు వార్షికోత్సవమునకు శాలువలు కొనునప్పుడు వర్తకుని మూడు ప్రశ్నలడుగుదురుగాక: ఇది చేతి నేతయా, ఏ యూరిది, ముద్ర యెక్కడ?

మాకు కప్పిన శాలువను మేము సభా నిర్వాహకులకు మరునాడే తిరిగి పంపితిమి. 'దీనిని నేసినవారెవరో తెలియజేయ ప్రార్థన' యని చీటీ జతపరచితిమి. మూడు వారములైనది. శాలువ చేరినట్లు రసీదు వచ్చినది.